సెకనుకు 20 మీటర్ల గాలి అంటే గంటకు 72 కిలోమీటర్లు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ఐస్‌లాండ్ లౌగవేగుర్ కాలిదారి గురించి వచ్చిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఫొటోలు చాలా బాగున్నాయి. మన పిల్లలు అంత దూరం వెళ్లి కొండలు నడిచి వస్తున్నారంటే నాకూ సంతోషమే. పోయిన ఏడాది ఆగస్టులో మా అమ్మాయితో కలిసి నేనూ ఆ దారి నడిచాను. అందుకే ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోతున్నాను. ఆ వ్యాసంలో ఒక పొరపాటు ఉంది. దాన్ని అచ్చుతప్పు అని సరిపెట్టుకోవడానికి లేదు. దాన్ని నమ్ముకుని కొండెక్కిన మనిషి తిరిగి రాకపోవచ్చు.

వ్యాసంలో, వేసవిలో అక్కడ గాలి 15 నుంచి 20 కిలోమీటర్ల వేగంతో వీస్తుందనీ, సన్నటి రెయిన్‌కోటు ఉంటే చాలనీ రాశారు. ఐస్‌లాండ్ వాతావరణ శాఖ గాలి వేగాన్ని గంటకు కిలోమీటర్లలో చెప్పదు. సెకనుకు మీటర్లలో చెబుతుంది. వాళ్ల సైటులో గానీ, దారిలో బోర్డు మీద గానీ 20 అని ఉంటే అది సెకనుకు 20 మీటర్లు. 3.6తో హెచ్చవేస్తే గంటకు 72 కిలోమీటర్లు. మీ రచయిత అంకెను ఉన్నదున్నట్టు తీసుకుని పక్కన కిలోమీటర్లు అని రాసేసినట్టున్నారు. గాలి గంటకు 62 కిలోమీటర్లు దాటితే మన వాతావరణ శాఖ దాన్ని తుపాను అంటుంది, దానికో పేరు కూడా పెడుతుంది. అంటే మీ వ్యాసం పిల్లతెమ్మెర అని చెప్పింది నిజానికి తుపాను గాలి. అది కూడా మూడున్నర వేల అడుగుల ఎత్తున, చెట్టు గానీ గోడ గానీ చాటు లేని చోట.

తుపాను గాలి అంటే ఏమిటో నాకు ఒంటితో తెలుసు. 1996 నవంబరు 6 రాత్రి నేను ముమ్మిడివరం దగ్గర కాలువ సెక్షన్లో అసిస్టెంట్ ఇంజినీరుని. లాకుల పక్క క్వార్టరులో నేనూ, కాలువ కాపలా చూసే ఒక లస్కరూ ఉన్నాం. తలుపు ఊడిపోకుండా బల్ల అడ్డం పెట్టి, దానికి వీపులు ఆనించి కూర్చున్నాం. పెంకులు ఒక్కొక్కటీ లేచిపోతుంటే లెక్కపెట్టాం కాసేపు, తర్వాత లెక్కపెట్టడానికి ఏమీ మిగల్లేదు. తెల్లారి బయటికొస్తే కొబ్బరితోటలు తోటలే ఒకే దిక్కుకి పడుకుని ఉన్నాయి. ఆ తుపానులో వెయ్యి మందికి పైగా పోయారు. అందులో నాకు తెలిసిన వాళ్లున్నారు. ఆ గాలి లెక్కను ఒక ప్రమాణం పొరపాటుతో మూడోవంతు కన్నా తక్కువ చేసి అచ్చు వేస్తే నేను చూస్తూ ఊరుకోలేను.

నేను నీటిపారుదల శాఖలో పనిచేసి 62వ ఏట రిటైరయ్యాను. మా అమ్మాయి డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తోంది. "మోకాళ్లు బాగున్నప్పుడే వెళ్లొద్దాం నాన్నా" అని తనే టిక్కెట్లు తీసింది. ఆరు నెలలు రోజూ పొద్దున్నే వీపున సంచిలో పది కిలోల బియ్యం వేసుకుని బ్యారేజీ మీద ధవళేశ్వరం నుంచి విజ్జేశ్వరం దాకా వెళ్లి వచ్చేవాణ్ని. ఆ నడక లేకపోతే ఈ దారిలో మొదటి రోజే కూలబడేవాణ్ని.

దారి మొత్తం దాదాపు 55 కిలోమీటర్లు. ఉత్తరాన లాండ్‌మన్నలౌగర్ దగ్గర మొదలై దక్షిణాన థోర్స్‌మోర్క్ లోయలో దిగుతుంది. మామూలుగా నాలుగు రోజులు పడుతుంది. మధ్యలో ఐస్‌లాండ్ పర్యాటక సంఘం వాళ్ల వసతి గదులు ఉంటాయి, వాటిని హట్లు అంటారు. 1927లో పెట్టిన సంఘం అది. హట్‌లో పరుపు, గ్యాస్ పొయ్యి, గిన్నెలు ఉంటాయి. కప్పుకునే స్లీపింగ్ బ్యాగూ, తిండీ మనం మోసుకెళ్లాలి. నెలల ముందే బుక్ చేసుకోకపోతే చోటు దొరకదు, గుడారమే గతి. మేం వేయించిన ఉప్మా రవ్వ, అటుకులు, కందిపొడి, పాలపొడి, ఎండు ఖర్జూరం పట్టుకెళ్లాం. నా సంచి 13 కిలోలు తూగింది.

వ్యాసంలో రెండు రోజులు చాలని రాశారు. ఏటా జులైలో ఆ దారిలో మారథాన్ కన్నా పెద్ద పరుగు పందెం జరుగుతుంది, 1997 నుంచి జరుగుతోంది. వాళ్లు ఒక్క రోజులోనే పరిగెడతారు. కానీ వాళ్ల వీపున గుడారం ఉండదు, దారి పొడవునా సాయం ఉంటుంది, ఏళ్ల తరబడి చేసిన సాధన ఉంటుంది. వాళ్లను చూసి మనం రోజులు కుదించుకోకూడదు. ఇంకోటి, మే నెల నుంచే వెళ్లొచ్చని రాశారు. మే నెలలో ఆ ఎత్తున ఇంకా మంచే. అక్కడికి పోయే కొండరోడ్లు మామూలుగా జూన్‌లో, అదీ నెల రెండో సగంలో తెరుస్తారు. హట్లు సెప్టెంబరు సగానికల్లా మూసేస్తారు.

రెయిక్యావిక్ నుంచి లాండ్‌మన్నలౌగర్‌కి బస్సులో నాలుగు గంటలు. చక్రాలు ఎత్తుగా ఉండే బస్సు, దారిలో వాగులు దాటుకుంటూ పోతుంది. దిగిన చోట రాళ్ల మైదానంలో గుడారాలు, మేకులు నిలవవు కాబట్టి తాళ్లకు పెద్ద పెద్ద రాళ్లు కట్టి ఉన్నాయి. పక్కనే వేడినీటి వాగు, అందులో మెడదాకా మునిగి కూర్చున్న జనం. వెనక గోడలాగా నల్లటి లావా గడ్డ, లౌగహ్రౌన్ అంటారు. 1477 ప్రాంతంలో పొంగి గడ్డకట్టినది. మన పంగిడి క్వారీలో కొట్టే నల్లరాయి కూడా లావాయే, నేను కాలువ గట్లకు ఆ కంకర ఎన్ని వందల లారీలు తోలించానో. కానీ అది ఆరున్నర కోట్ల ఏళ్ల కిందటిది. ఇక్కడ శ్రీకృష్ణదేవరాయలు పుట్టిన కాలం నాటి లావా మీద చేయి పెట్టి నిలబడ్డాను. పగిలిన చోట గాజులా మెరుస్తుంది, అంచు కత్తిలా తెగుతుంది. దానికి వాళ్ల పేరు 'హ్రాఫ్న్‌టిన్న', మాటకు మాట కాకి చెకుముకి. ఆ రాయి పేరుతోనే మొదటి రోజు మజిలీ, హ్రాఫ్న్‌టిన్నుస్కేర్. చుట్టూ కొండలు పసుపు, ఇటుకరంగు, బూడిదరంగు, పాచిరంగు. భూమిలోంచి ఆవిరి, గంధకం వాసన. ఆ రంగుల గురించి మీ వ్యాసంలో చక్కగా రాశారు, నేను మళ్లీ రాయను.

హట్ ముందు ఒక తెల్లబోర్డు ఉంది. మర్నాటి గాలి, వాన, చలి చేత్తో రాసి ఉన్నాయి. "నైరుతి గాలి 18–22, వాన, ఎత్తున 4 డిగ్రీలు." పక్కన పసుపురంగు త్రికోణం. అక్కడి వాతావరణ శాఖ హెచ్చరికలు మూడు రంగుల్లో ఉంటాయి, పసుపు, నారింజ, ఎరుపు. నాకు వెంటనే మా బ్యారేజీ గుర్తొచ్చింది. గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక వేస్తే లంకల్లో చాలామంది గొడ్లను తోలుకుని గట్టెక్కుతారు. కొంతమంది "ఇంకా మొదటిదే కదా" అని ఉండిపోతారు. పడవ పంపాల్సి వచ్చేది ఎప్పుడూ ఆ రెండో రకం వాళ్ల కోసమే.

హట్ చూసుకునే వార్డెన్ మా అమ్మాయి ఈడు పిల్ల. మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. దారి మూసే అధికారం తనకు లేదట. "రేపు పైకి వెళ్లకండి, ఎల్లుండి బావుంటుంది. మీరు నా తల్లిదండ్రులైనా ఇదే చెబుతాను" అంది. మాకు మర్నాటికి పైన హట్‌లో డబ్బు కట్టిన పరుపులు ఉన్నాయి. ఒక రోజు ఆగితే అవి పోతాయి, తర్వాతి మజిలీల బుకింగులూ తప్పుతాయి, గుడారంలో పడుకోవాలి. మా అమ్మాయి నా ముఖం చూసింది. "ఆగుదామమ్మా" అన్నాను. నలభై ఏళ్లు నేను ఇచ్చిన హెచ్చరికలు జనం వినాలని కోరుకున్నవాణ్ని, ఆ పిల్ల మాట కాదని ఎలా పోతాను?

మర్నాడు తొమ్మిదింటికి గాలి లేచింది. ముందు గుడారం గుడ్డ డప్పులా మోగింది, తర్వాత ఒకవైపు లోపలికి వంగి మా ముఖాల మీద పడింది. నా పక్క గుడారం కర్ర ఫట్టుమని విరిగింది. వాన పైనుంచి పడలేదు, అడ్డంగా వచ్చింది. మొత్తం జనం హట్ వంటగదిలోకి, వంటల కోసం వేసిన పెద్ద గుడారంలోకి చేరారు. తలుపు తెరవాలంటే ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. అది కింద, 600 మీటర్ల ఎత్తున. పైన వెయ్యి మీటర్ల ఎత్తు కొండ మీద ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి.

పదకొండు దాటాక ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. ఒకరినొకరు పట్టుకుని నడుస్తున్నారు. పొద్దున ఆరింటికే బయల్దేరారట, "గాలి లేచేలోపు దాటేద్దాం" అని. లోపలికి వచ్చాక ఒకడు తెలుగులో "కూర్చోరా, కూర్చో" అనడం విన్నాను. జర్మనీలో చదువుకుంటున్న పిల్లలు, ఒకడిది తెనాలి, ఒకడిది కరీంనగర్. ఇద్దరికీ జీన్స్ ప్యాంట్లు, లోపల నూలు బనియన్లు, పైన వంద రూపాయల రకం ప్లాస్టిక్ రెయిన్‌కోటు, అదీ చిరిగి మెడకు వేలాడుతోంది. కరీంనగర్ పిల్లవాడు వణకడం లేదు. మా అమ్మాయి "వణుకు లేదు నాన్నా, అంటే ఇంకా మంచిదేగా" అంది. వార్డెన్ అప్పటికే లేచి పరిగెత్తుకొచ్చింది. వణుకు ఆగిపోయిందంటే ఒళ్లు వేడి పుట్టించుకోవడం మానేసిందని అర్థమట. పేరు అడిగితే మాట ముద్దముద్దగా వచ్చింది, తాగినవాడిలాగా. బూటు లేసు విప్పుకోలేకపోయాడు, వేళ్లు మాట వినలేదు.

వార్డెన్ చేసింది నేను దగ్గరుండి చూశాను, అందుకే రాస్తున్నాను. తడిబట్టలు మొత్తం విప్పించింది, తుడిచింది, పొడి ఉన్ని బట్టలు వేసి రెండు స్లీపింగ్ బ్యాగుల్లో దూర్చింది. తలకు టోపీ. చంకల్లో, పొట్ట దగ్గర వేడినీళ్ల సీసాలు గుడ్డ చుట్టి పెట్టింది. నేను మన అలవాటుగా అరికాళ్లు రుద్దబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. రుద్దకూడదట, చేతుల్లో కాళ్లల్లో ఉన్న చల్లటి రక్తం ఒక్కసారి గుండెకు చేరితే ప్రమాదమట. తెలివిగా మింగగలుగుతున్నాడని చూసుకున్నాకే వేడి వేడి తీపి చాక్లెట్ పాలు కొంచెం కొంచెంగా పట్టింది. ముప్పావుగంటకి వాడికి వణుకు మొదలైంది. ఆ వణుకు చూసి ఆ పిల్ల మొహంలో మొదటిసారి నవ్వు. రెండో వాడు అప్పటికి గోడకానుకుని ఏడుస్తున్నాడు. నేను ఉప్మా చేసి ఇద్దరికీ పెట్టాను. "బాబాయ్, ఈ ట్రెక్కు చాలా తేలికని వాట్సాప్‌లో వచ్చింది, గాలి ఇరవై అని చూశాం, ఇరవై అంటే మా ఊళ్లో సైకిలు తొక్కినట్టే కదా అనుకున్నాం" అన్నాడు తెనాలి కుర్రాడు.

మీ వ్యాసంలో అదే ఇరవై మళ్లీ చూశాను. అప్పుడే నా చేతులు చల్లబడ్డాయి.

4 డిగ్రీల చలికి గంటకు 72 కిలోమీటర్ల గాలి తోడైతే ఒంటికి తగిలేది సుమారు మైనస్ 4. అది పొడి ఒంటికి చేసే లెక్క. తడిస్తే ఇంకా ఘోరం. నూలు బట్ట నీళ్లు పీల్చుకుని ఒంటికి అతుక్కుంటుంది, ఒంటి వేడిని గాలికి అప్పజెబుతుంది. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుంది. మన ఎండలకు నూలు దేవుడిచ్చిన బట్ట, నేనూ ఇంట్లో పంచె తప్ప కట్టను. కానీ ఆ దీవిలో దాన్ని సంచి అడుగున కూడా పెట్టుకోనక్కర్లేదు. జీన్స్ అసలే వద్దు. గొడుగు విప్పే పని లేదు.

అన్నట్టు ఆ దీవికి అంత గాలి ఎందుకో కూడా ఒక మాట రాస్తే మీ వ్యాసానికి నిండుదనం వచ్చేది. మన అల్పపీడనాలు ఎక్కువగా బంగాళాఖాతంలో పుట్టి ఒక రుతువులో వస్తాయి. అక్కడ దక్షిణం నుంచి వచ్చే వెచ్చటి సముద్రపు నీళ్లూ, ఉత్తరం నుంచి దిగే ధ్రువపు చలిగాలీ కలిసే చోటనే దీవి కూర్చుని ఉంది. ఐస్‌లాండ్ అల్పపీడనం అని భూగోళం పుస్తకాల్లోనే దానికో పేరుంది. ఒకటి వెళ్లిపోయిందనుకునేలోగా ఇంకోటి వస్తుంది. ఆగస్టు అని దానికి మొహమాటం ఉండదు.

మూడో రోజు పొద్దున ఆకాశం కడిగినట్టు ఉంది. వార్డెన్ బోర్డు మీద 6 అని రాసింది. మేం బయల్దేరాం. ఎక్కే కొద్దీ ఆవిరి గుంటలు, ఉడుకుతున్న బురద, దాని పక్కనే మురికి పట్టిన మంచు. ఆగస్టులో మోకాలి లోతు మంచు మీద నడిచాను. మధ్యాహ్నానికి పొగమంచు కమ్మింది. దారికి గుర్తుగా కర్రలు పాతి ఉంటాయి. ఒక కర్ర దగ్గర నిలబడితే రెండో కర్ర కనబడలేదు. ఒకరు కర్ర దగ్గర ఉండి, ఇంకొకరు కేకేసుకుంటూ ముందుకెళ్లి రెండో కర్ర వెతికి, మళ్లీ పిలిచి, అలా అరగంట నడిచాం. గాలి లేని రోజున ఇది పరిస్థితి.

హట్ ఇంకాసేపట్లో వస్తుందనగా దారి పక్కన రాళ్ల గుట్ట, దానికి ఒక ఫలకం కనపడ్డాయి. 2004 జూన్ నెలాఖరులో తుపానులో చిక్కుకుని ఇక్కడ ఒక కుర్రాడు చనిపోయాడు. పాతికేళ్ల వాడు, వేరే దేశం నుంచి నడవడానికి వచ్చినవాడు. ఫలకం మీద పేరు చదివి మా అమ్మాయి దగ్గర్లో ఒక రాయి తీసి ఆ గుట్ట మీద పెట్టింది. నేను వాచీ చూసుకున్నాను. అక్కణ్నుంచి హట్ తలుపు తాకడానికి మాకు పట్టింది పద్దెనిమిది నిమిషాలు. నిజానికి ఒక కిలోమీటరు ఉంటుందేమో. మా కాలువ మీద లాకు దగ్గర నిలబడి కేకేస్తే వినపడే వంతెన అంత దూరం. జూన్ నెలాఖరు అంటే అక్కడ రాత్రనేదే ఉండదు, చీకటి వల్ల దారి తప్పాడని కూడా అనడానికి లేదు. గాలి, మంచు, తడి, అంతే. నేను ఆ రాత్రి వెచ్చటి గదిలో పడుకుని కూడా నిద్రపోలేదు. ఆ హట్‌ను భూమిలో ఆవిరితోనే వేడి చేస్తారు. గోడ అవతల కిలోమీటరు దూరంలో ఆ రాళ్లగుట్ట.

మీ వ్యాసంలో ఆ ఫలకం ప్రస్తావన లేదు. నేను ఆ వ్యాసం రాసి ఉంటే అక్కడి నుంచే మొదలుపెట్టేవాణ్ని.

మర్నాడు యోకుల్తుంగుర్ అనే నిటారు దిగుడు, కింద ఆల్ఫ్తావత్న్, అంటే హంసల చెరువు. ఆ దిగుడు మొదట్లో నిలబడితే కనపడే చూపు గురించి నాకు మాటలు రావు, మా అమ్మాయి అక్కడ పది నిమిషాలు కూర్చుండిపోయింది. నా మోకాళ్లు మాత్రం ఆ దిగుడుని ఇప్పటికీ గుర్తుపెట్టుకున్నాయి.

ఇక ఏరుల సంగతి. ఇది నా వృత్తి కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను, ఏమీ అనుకోకండి. మీ వ్యాసంలో "మోకాలి లోతు వాగులు, సరదాగా దాటొచ్చు" అని ఉంది. కొన్నిటికి కాలివంతెనలు ఉన్నాయి, నిజమే. కానీ గ్రాషగక్విస్ల్, బ్రత్‌హౌల్స్‌క్విస్ల్, బ్లాఫ్యల్లాక్విస్ల్, ఆఖరున థ్రోంగా, వీటిని నీళ్లల్లో దిగే దాటాలి. 'క్విస్ల్' అంటే ఏమిటని అడిగితే వార్డెన్ వేళ్లు విడదీసి చూపించింది, నది చీలిన కొమ్మ అని. అది మన పాయ! గౌతమి పాయ, వశిష్ఠ పాయ అన్నట్టు. ఆ మాట విన్నాక ఆ ఏరులు నాకు కాస్త దగ్గరివయ్యాయి. కానీ వాటి నడత వేరు.

మన గోదావరి పైన భద్రాచలంలో పెరిగితే కింద మాకు రేపో ఎల్లుండో వస్తుందని తెలుసు. నీటిమట్టం కొలిచే గేజీలు చూసుకుంటూ కూర్చోవచ్చు. హిమానీనదం కింద పుట్టే ఏరు ఒక్క రోజులోనే పోటూ పాటూ చూపిస్తుంది. పొద్దుటెండకి మంచు కరగడం మొదలై ఆ నీళ్లు సాయంత్రానికి ఏట్లోకి దిగుతాయి. రాత్రి చల్లబడితే తగ్గుతుంది. తెల్లవారుజామున మోకాలి దాకా ఉన్న ఏరు సాయంత్రం తొడల దాకా రావచ్చు. నీళ్లు సిమెంటు కలిపిన రంగు, అడుగు కనపడదు. వాన పడితే ఆ లెక్క కూడా చెదిరిపోతుంది.

ఆల్ఫ్తావత్న్ దగ్గర వాన వల్ల ఆలస్యంగా బయల్దేరి మేం బ్లాఫ్యల్లాక్విస్ల్ చేరేసరికి మూడున్నర అయింది. అప్పటికే నలుగురైదుగురు ఒడ్డున బూట్లు విప్పుతున్నారు. మా అమ్మాయి కూడా సంచి దించింది. నేను నీటి అంచున ఒక చదునైన రాయి పెట్టాను. గేజి లేని చోట మా లస్కర్లు చేసే పని ఇదే. పావుగంట చూశాను. రాయి మునిగింది. ఇంకో రాయి కాస్త పైన పెట్టాను. మరో ఇరవై నిమిషాలకి అదీ మునిగింది. ఏరు పెరుగుతోంది. లోతు కన్నా నన్ను భయపెట్టింది ఒరవడి. నీటి వేగం రెట్టింపైతే కాళ్ల మీద పడే తోపు రెట్టింపు కాదు, నాలుగింతలు. అడుగున రాళ్లు దొర్లుతున్న చప్పుడు, కుండలో గులకరాళ్లు వేసి కదిపినట్టు వినపడుతోంది. రాళ్లనే దొర్లించే నీరు మనిషిని నిలబడనిస్తుందా?

"వెనక్కి పోదామమ్మా" అన్నాను. హ్వన్‌గిల్ హట్ వెనకాల దగ్గర్లోనే ఉంది. మా అమ్మాయికి కోపం వచ్చింది, అప్పటికే ఒక రోజు పోయింది, ఇప్పుడు ఇంకో పూట. మిగతావాళ్లకి నా రాళ్లు చూపించి సగం ఇంగ్లీషులో, సగం చేతులతో చెప్పాను. ఇద్దరు ఫ్రెంచి ఆడపిల్లలు మాతో వెనక్కి వచ్చారు. మిగిలినవాళ్లు దాటారు, క్షేమంగానే దాటారు, అది కూడా రాయాలి. కానీ ఒకాయన మధ్యలో మోకాళ్ల మీద పడ్డాడు, పక్కనున్న ఇద్దరూ చంకల కింద చేతులేసి లాగారు.

మర్నాడు ఆరున్నరకి అదే చోటికి వచ్చాం. నా మొదటి రాయి పొడిగా, ఒడ్డుకి జానెడు దూరంలో ఉంది. బూట్లు మెడకు కట్టుకుని, నీళ్లకోసం తెచ్చుకున్న చెప్పులు వేసుకుని, సంచి నడుం పట్టీ విప్పుకుని దిగాం. పట్టీ విప్పేది ఎందుకంటే పడితే సంచిని వదిలేసి లేవడానికి. ఏరు విశాలంగా పరుచుకున్న చోటే దాటాలి, ఇరుకైన చోట లోతూ ఒరవడీ ఎక్కువ. నలుగురం చేతులు పెనవేసుకుని, కొంచెం వాలుగా ప్రవాహంతో పాటు కిందికి నడిచాం. నీళ్లు మోకాలికి పైన నాలుగు వేళ్లు. కానీ ఆ చల్లదనం! అవతలి గట్టు ఎక్కాక అయిదు నిమిషాలు నా పాదాలు ఎవరివో అన్నట్టున్నాయి. మా అమ్మాయి నా కాళ్లు తన ఉన్ని కోటులో చుట్టింది. ఏమీ మాట్లాడలేదు.

అక్కడి నుంచి నల్ల ఇసుక ఎడారి, ఎమ్‌స్త్రుర్ మజిలీ, మార్కర్‌ఫ్లోట్ నది గండి, పక్కన మిర్డాల్స్ మంచుగడ్డ. ఆ మంచు కింద కట్ల అనే అగ్నిపర్వతం ఉంది, 1918లో పేలినప్పుడు మంచు కరిగి వరద ముంచెత్తింది. అది మళ్లీ లేస్తే ఏ గుట్ట ఎక్కాలో దారిలో బోర్డులు పెట్టారు. ఆఖరి రోజు థ్రోంగా దాటి థోర్స్‌మోర్క్‌లో చిన్న చిన్న బర్చ్ చెట్లు కనపడగానే నాకు ఇల్లు చేరినంత పని అయింది. వారం రోజుల తర్వాత చెట్టు చూశాను.

ఇంకో సంగతి కూడా మీ పాఠకులకు తెలియాలి. ఆ దీవిలో జనం నాలుగు లక్షలు కూడా లేరు. కొండల్లో తప్పిపోయినవాళ్లను వెతికేది జీతం మీద పనిచేసే దళం కాదు. రక్షణ బృందాల్లో ఉన్నవాళ్లంతా స్వచ్ఛందంగా వచ్చినవాళ్లు. బడిపంతుళ్లు, వడ్రంగులు, రైతులు. వేసవిలో తమ సెలవులు పెట్టుకుని వచ్చి లాండ్‌మన్నలౌగర్ లాంటి చోట్ల కాపు కాస్తారు. కొత్త సంవత్సరానికి టపాసులు అమ్మి ఆ డబ్బుతో తాళ్లూ బండ్లూ కొనుక్కుంటారు. తుపానులో మనం బయల్దేరితే మన కోసం ఆ తుపానులోకే వాళ్లూ బయల్దేరాలి. 96లో గాలి తగ్గీ తగ్గకముందే పడవలు తీసుకుని జనాన్ని వెతకడానికి పోయిన మత్స్యకారుల్ని నేను చూశాను. ఈ వడ్రంగులూ వాళ్లే అనిపించింది నాకు.

అందుకని నా మనవి. సవరణ వేస్తే ఎక్కడో మూల చిన్న అక్షరాల్లో కాకుండా అదే అనుబంధంలో, అదే పేజీలో వేయండి. గాలి అంకె సెకనుకు మీటర్లని, దాన్ని 3.6తో హెచ్చవేసుకోవాలని రాయండి. 15 దాటితే పైకి వెళ్లవద్దని వార్డెన్లు మాకు చెప్పింది రాయండి. అక్కడి అత్యవసర నంబరు 112, ఇప్పుడు మనదీ అదే కాబట్టి గుర్తుంటుంది. అదే పేరుతో ఫోనులో యాప్ ఉంది, మీట నొక్కితే మనం ఉన్న చోటు వాళ్లకు తెలుస్తుంది. కానీ దారిలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, అందుకే బయల్దేరే ముందు ఎక్కడికి, ఎన్ని రోజులు అన్నది సేఫ్‌ట్రావెల్ సైటులో నమోదు చేసి పోవాలి. రెండు రోజులు అన్న మాట తీసేసి నాలుగు రోజులు, పైన చేతిలో ఒక రోజు అని రాయండి. ఆ ఒక రోజే మమ్మల్ని కాపాడింది.

మీ రచయిత మీద నాకు కోపం లేదు. ఆయన బహుశా ఎండ కాసిన వారంలో వెళ్లి వచ్చి ఉంటారు, అలాంటి వారాలూ ఉంటాయి. కానీ మీ పత్రిక మా ఇంటికి నలభై ఏళ్లుగా వస్తోంది. వరద హెచ్చరిక మీ మొదటి పేజీలో పడితే లంకలో ముసలివాళ్లు నా మాట కన్నా దాన్నే ఎక్కువ నమ్మేవాళ్లు. ఐర్లండ్‌లో, జర్మనీలో, ఇంగ్లండ్‌లో చదువుకునే మన పిల్లలకు మీ వ్యాసం ఫొటో తీసి ఇక్కడి తల్లిదండ్రులే పంపిస్తారు. నాకే ఇప్పటికి ముగ్గురు పంపారు, "మీరు వెళ్లింది ఇదే కదా" అని.

కరీంనగర్ పిల్లవాడు సంక్రాంతికి ఫోన్ చేశాడు. ఈ ఏడు మళ్లీ వెళ్తాడట, మధ్యలో వదిలేసిన దారి పూర్తి చేయడానికి. ఉన్ని బట్టలు కొన్నాడట, నాలుగు రోజులకి బదులు ఆరు రోజులు సెలవు పెట్టాడట. బోర్డు మీద అంకె చూడగానే ఏం చేస్తావురా అని అడిగాను. "మూడుంపావుకి... కాదు అంకుల్, మూడు పాయింట్ ఆరుతో హెచ్చవేస్తా" అన్నాడు.

ఆ కొండరోడ్డు తెరవడానికి ఇంక రెండు నెలలే ఉంది. సవరణ ఈ ఆదివారమే వేయండి.

ఇట్లు,
నీటిపారుదల శాఖ విశ్రాంత డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు,
ధవళేశ్వరం, తూర్పు గోదావరి జిల్లా